బోరు నీళ్ల పద్ధతి

ఆ ఇంట్లో దిగిన రెండో ఏడు నా వేళ్ల కొసలు పగలడం మొదలైంది. ముందు బొటనవేలు, తర్వాత చూపుడువేలు. నాది సినిమాలకు విగ్గులు కట్టే పని. సన్నటి వలగుడ్డ మీద కొక్కెం సూదితో వెంట్రుక తర్వాత వెంట్రుక లాగి ముడి వేయాలి. ఒక తలకు వేల ముడులు పడతాయి. ఆ ముడి కంటికి సరిగ్గా కనపడదు, వేలికే తెలుస్తుంది. వేలు పగిలిందంటే వెంట్రుక ఆ పగుల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు వెంట్రుకైనా తెగాలి, నేనైనా కెవ్వుమనాలి. రెండూ జరిగేవి.

మా ఇల్లు ఫిల్మ్‌నగర్‌లో, బండ తొలిచి కట్టిన అయిదంతస్తుల అపార్టుమెంటులో రెండో అంతస్తు. బోరు కూడా ఆ బండలోకే దింపారు. మునిసిపాలిటీ వదిలే మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి గానీ, వచ్చినవన్నీ సంపులోకి పోయి బోరు నీళ్లలో కలిసిపోతాయి. ఆ తర్వాత వాటిని మంజీరా నీళ్లనడం ఆత్మతృప్తికే. స్టీలు బకెట్టు నెల తిరక్కుండా తెల్లగా పొలుసు కట్టేది. గీజరు విప్పించినప్పుడల్లా దోసెడు సుద్ద రాలేది. మా అత్తగారిది తెనాలి పక్క కాలవగట్టు ఊరు. మొదటి రోజు స్నానం చేసి వచ్చి, "అమ్మాయ్, ఇవి నీళ్లు కావు, గోడకు కొట్టే సున్నం" అని తేల్చేశారు. ఆదివారం ప్రార్థనలో కూడా మా బోరు సంగతి ప్రభువుకు విన్నవించేవారు.

ఇల్లు మారొచ్చుగా అని అందరూ అన్నారు. మధురానగర్‌లో మా ఆడపడుచు వాళ్లున్నారు. అక్కడి నీళ్లు ఇంత మొండివి కావు. కానీ నాకు ఫోను పొద్దున్నే అయిదింటికి వస్తుంది. "అక్కా, గడ్డం అంచు లేచిపోయింది, పది నిమిషాల్లో రాగలవా" అంటారు. పది నిమిషాల్లో రాగలగడమే నా మొదటి అర్హత, పని రావడం రెండోది. ఈ మాట ఎవరూ పైకి ఒప్పుకోరు గానీ ఈ కొండమీద బతికేవాళ్లందరికీ తెలుసు. మా ఆయన సౌండు ఇంజినీరు. ఆయన పనిచేసే స్టూడియో మా వీధి చివరే. నాకు పని తెచ్చిపెట్టే ఇంటి నీళ్లే నా చేతులు తినేస్తున్నాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నా నూతిలో నీళ్లు కూడా పనికొచ్చేవి కావు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాదంతా నీళ్ల మీదికి నెట్టేసినట్టవుతుంది.

ఒక పెద్ద హీరోకి రాళ్ల క్వారీలో పనిచేసే మనిషి వేషం. భుజాల దాకా జుట్టు ఉండాలి. విగ్గు నాకిచ్చారు. కొలతలు రెండుమూడుసార్లు మారాయి. మారినప్పుడల్లా ఇంటికి తెచ్చి, విప్పి, మళ్లీ కట్టి, గిన్నెలూ బట్టలూ కడుక్కునే మా యుటిలిటీలో కుళాయి కింద ఉతికాను. జూబ్లీహిల్స్‌లో ఆ సినిమా ఆఫీసులో లుక్ టెస్టు రోజు విగ్గు పెట్టాక డైరెక్టరు దగ్గరికొచ్చి ఆ జుట్టును వేళ్ల మధ్య నలిపి చూశారు. మొహం వెలిగిపోయింది.

"ఇది చూడండి. ఏళ్ల తరబడి ఎండలో, రాతిపొడిలో బతికిన వాడి జుట్టు ఇలాగే ఉంటుంది. మిగతావాళ్లు తెచ్చినవి షాంపూ ప్రకటనలో జుట్టులా మెరుస్తాయి. ఎలా చేశారమ్మా?"

ఎలా చేశానో నాకు తెలుసు. ఏమీ చేయలేదు. మా బోరు నీళ్లు చేశాయి. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను కూడా. గదిలో పది మంది ఉన్నారు, పది మందీ నా వైపే చూస్తున్నారు. ఇన్నేళ్ల పనిలో 'ఎలా చేశావు' అని నన్నెవరూ అడగలేదు. 'ఎప్పుడిస్తావు' అని మాత్రమే అడిగారు.

"అదొక పద్ధతండీ" అన్నాను.

అంతే. హీరో తలను నాలుగు పక్కల నుంచీ ఫొటోలు తీశారు. ఇక సినిమా పూర్తయ్యేదాకా ఆ జుట్టు ఆ ఫొటోల్లో ఉన్నట్టే ఉండాలి. ఒక సీనులో మనిషి గుమ్మం బయట ఉన్నది ఈ ఏడాది తీస్తారు, గుమ్మం లోపలికి వచ్చేది వచ్చే ఏడాది తీస్తారు. మధ్యలో జుట్టు మారితే తప్పు నాది.

వేళ్లు మాత్రం రోజురోజుకీ పాడవుతున్నాయి. మధురానగర్‌లో చర్మం డాక్టరమ్మ చూసి, మందు రాసిచ్చి, "మందు పైపైనే పనిచేస్తుంది. ఆ నీళ్లలో చెయ్యి పెట్టడం మానేయాలి, లేదా నీళ్లు మార్చుకోవాలి" అంది. చెయ్యి పెట్టకపోతే నాకు పని లేదు. పని లేకపోతే నేనేం చేస్తానో నాకు తెలియదు. పందొమ్మిదో ఏట నుంచి ఈ సూది తప్ప ఇంకేదీ పట్టలేదు. ఆ రోజు ఆటోలో ఇంటికొస్తూ చాలా భయపడ్డాను. కాబట్టి నీళ్లే మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

ముందు టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. పైపు చుట్టూ కాయిల్ చుట్టి కరెంటు పెడితే చాలన్నాడు. ఉప్పు అక్కర్లేదు, నీళ్లు వృథా కావు, జీవితాంతం చూడక్కర్లేదు. మా ఆయనకు వైరు, బల్బు ఉన్నవంటే నమ్మకం. రెండు నెలలు ఆ పచ్చ బల్బును చూసి మురిసిపోయారు. బకెట్టు మీద పొలుసు ఎప్పట్లాగే కట్టింది. తర్వాత కుళాయికి తగిలించే చిన్న ఫిల్టరు కొన్నాం. అది వారంలో ముక్కు మూసుకుంది. మూడో ఆయన పెన్నులాంటి మీటరు నీళ్లలో ముంచి అంకె చూపించి, ఇల్లంతటికీ ఆర్వో పెట్టాలన్నాడు. తాగే నీళ్లకు పెట్టుకునేది స్నానానికెందుకయ్యా అంటే, ఆరోగ్యం ముఖ్యం కదా మేడం అన్నాడు. గుమ్మం వైపు చెయ్యి చూపించి, ఆయన వెనకే తలుపు వేశాను.

చివరికి ఎర్రగడ్డ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బాయిలర్లకు పంపే నీళ్లు శుభ్రం చేసే ప్లాంట్లలో ముప్పై ఏళ్లు పనిచేశాడట. మీటరు తేలేదు. చిన్న సీసాలో మా నీళ్లు పట్టి ఏదో మందు వేస్తే ఎర్రబారాయి. ఇంకో మందు చుక్క చుక్క వేస్తూ, "గీ రంగు నీలంగ మారేదాక ఎన్ని చుక్కలు పడ్తయో లెక్కవెట్టుండ్రి, అంత సున్నమున్నట్టు" అన్నాడు. మా అత్తగారు పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. చాలాసేపు లెక్కపెట్టి, రంగు మారకపోవడంతో ఆపేసి, "యేసయ్యా" అని కూర్చున్నారు.

"గా కాయిల్ ఎవలు పెట్టిండ్రు?" అన్నాడు పెద్దాయన, చేతులు తుడుచుకుంటూ.

మా ఆయన కిటికీ లోంచి బయటికి చూశారు.

"తీసెయ్యుండ్రి సార్. సున్నాన్ని పట్టుకోవాలె గాని, దానికి బల్బు చూపిస్తే పోతదా?"

ఆయన చెప్పింది తేలిగ్గానే అర్థమైంది. ఒక పొడుగాటి డ్రమ్ములో సన్నటి పూసలుంటాయి, అవి సున్నాన్ని పట్టుకుంటాయి. పట్టుకుని పట్టుకుని నిండిపోతే ఉప్పునీళ్లతో కడగాలి, అప్పుడు మళ్లీ పనికొస్తాయి. వారం వారం ఉప్పు వేయడమే చాకిరీ. మా అత్తగారికి బీపీ ఉందని తెలిసి, "అట్లయితే వంటింట్ల గీ నీళ్లు కలుపొద్దు. జర ఉప్పు దిగుతది" అన్నాడు. అమ్మడానికి వచ్చినవాడు ఫలానా చోట పెట్టొద్దనడం అదే మొదటిసారి. అక్కడికక్కడే ఆయన్ను నమ్మేశాను.

చిక్కల్లా పైపులతో వచ్చింది. పైన ట్యాంకు నుంచి మా ఇంట్లోకి మూడు పైపులు విడివిడిగా దిగుతాయి. ఒకటి వంటింటికి, ఒకటి ముందు బాత్రూముకి, ఒకటి వెనక బాత్రూముకీ దాని పక్క యుటిలిటీకీ. ఒక మిషను ఒక పైపునే చూసుకుంటుంది. మొత్తం బిల్డింగుకు కలిపి డాబా మీద పెద్దది పెట్టిస్తే అందరికీ మంచిదని అసోసియేషన్ మీటింగులో అడిగాను. సున్నం ఎముకలకు మంచిదని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన లేచి, డాబా మీద ఖాళీగా ఉన్నది ఈశాన్యం మూల, అక్కడ అంత బరువు పెడితే ఇంట్లో పెద్దవాళ్లకు మంచిది కాదన్నాడు. మాకు వాస్తు పట్టింపు లేదని నేనంటే, మిగతా తొమ్మిది ఇళ్లకూ ఉందన్నారు. బకెట్లకు తెల్లపొలుసు కట్టడం అందరి ఇళ్లలోనూ ఉంది గానీ, దాని కోసం ఎవరూ చెయ్యెత్తలేదు.

కాబట్టి మాకు ఒక్క పైపే. ఏ పైపు అన్న దాని మీద వారం రోజులు ఇంట్లో రచ్చ. ముందు బాత్రూముకి పెట్టాలని మా ఆయన. ఊడుతున్న జుట్టు నిలబడుతుందని ఆయన ఆశ. ఇంట్లో విగ్గులుండగా దిగులెందుకని నేనంటే ఆ పూట అన్నం తక్కువ తిన్నారు. చివరికి యుటిలిటీ పైపే ఖాయమైంది. దాంతో స్నానాలకు అందరూ వెనక బాత్రూము ముందే వరసకట్టారు.

పెద్దాయన బిగించడం అయ్యాక, మా అత్తగారు డ్రమ్ము మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడి, తర్వాత గోడ పక్కన ఒక ఎర్ర పిడి చూపించాడు.

"గిది ఇట్ల తిప్పితే మిషన్‌ల పోకుండ బోరు నీళ్లు సీదా వస్తయి. రిపేరు ఉంటెనే. ఉత్తగ దీన్ని ముట్టుకోకుండ్రి."

మొదటి రోజు మా అత్తగారు స్నానం చేసి వచ్చి, ఎంత కడిగినా ఒంటి మీద సబ్బు పోవట్లేదని ఫిర్యాదు చేశారు. అదివరకు సబ్బు నురగే రావట్లేదని ఫిర్యాదు. అది సబ్బు కాదు, మీ చర్మమే అత్తయ్యా, ఇన్నాళ్లకు చేతికి తగిలింది అన్నాను. ఆవిడ మోచెయ్యి నిమురుకుంటూ చాలాసేపు కూర్చున్నారు.

నెల తిరిగేసరికి నా వేళ్ల పగుళ్లు మూసుకున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం ఒక మీసం కడుతూ కూర్చుని, తలెత్తేసరికి రెండు గంటలు గడిచిపోయాయి. ఒక్కసారి కూడా నొప్పి తెలియలేదు. సూది పక్కన పెట్టి ఏడ్చేశాను. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు. మా ఆయన వినకూడదు గానీ అది నిజం.

ఈ సంబరంలో నేను మర్చిపోయింది ఒక్కటే. క్వారీ మనిషి విగ్గు కూడా ఆ నెలంతా నా దగ్గరే ఉంది. రెండు షెడ్యూళ్ల మధ్య ఉతికి, సరిచేసి పంపడం నా పనే. మెత్తటి నీళ్లలో సరదాగా మూడుసార్లు ఉతికాను. జుట్టు ఎంత బాగా వచ్చిందో అని నేనే మెచ్చుకుని చెక్కతలకు తొడిగి పెట్టాను.

షూటింగు జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో. క్వారీ మనిషి యజమాని ఇంటి గుమ్మం దాటి లోపలికి రావాలి. గుమ్మం బయట భాగం ఎప్పుడో తీసేశారు. కారవాన్‌లో హీరోకి విగ్గు పెడుతుంటే, కంటిన్యుటీ చూసే అసిస్టెంటు అమ్మాయి టాబ్‌లో ఫొటో తీసి హీరో తల పక్కన పెట్టి చూసింది. ఫొటో చూసింది, తల చూసింది.

"అక్కా, ఇది అదే విగ్గా?"

అద్దంలో చూశాను. రాళ్లు కొట్టే మనిషి తల నిగనిగలాడుతోంది. హీరో కూడా తల అటూ ఇటూ ఊపి, "బాగుందిగా" అన్నాడు. ఆయనకు బాగానే ఉంది. డైరెక్టరు వచ్చి చూశారు.

"అమ్మా, గుమ్మం బయట ఒక మనిషి, లోపల ఇంకో మనిషి అయ్యారు. మీ పద్ధతి ఈసారి చేయలేదా?"

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. "చేసుకొస్తానండీ, మధ్యాహ్నం దాకా టైమివ్వండి" అన్నాను. హీరో లేని షాట్లు ముందు పెట్టుకున్నారు. ఆ బంగళాలో చెయ్యి కడుక్కునే కుళాయిలో కూడా మెత్తటి నీళ్లే, ముందే చూశాను. విగ్గు పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాను. ముందు బాత్రూములో బోరు నీళ్లే వస్తాయి గానీ, విగ్గు తడిపే తొట్టీ కుళాయీ ఉన్నది యుటిలిటీలోనే. నేరుగా వెనక్కి వెళ్లి ఎర్ర పిడి తిప్పాను.

బోరు నీళ్లలో నానబెట్టడం, పిండకుండా డ్రయరుతో ఆరబెట్టడం, మళ్లీ నానబెట్టడం. మూడోసారికి జుట్టు పాత దారికొచ్చింది. అది గరుగ్గా మారుతుంటే వేలికి తెలుస్తూనే ఉంది. మా అత్తగారు గుమ్మంలో నిలబడి, "కష్టపడి మిషను పెట్టించుకుని మళ్లీ ఆ సున్నంలోనే చెయ్యి పెట్టావేంటమ్మాయ్" అన్నారు. తర్వాత చెబుతానన్నాను. మూడింటికి బంగళాకు చేరాను. అసిస్టెంటు అమ్మాయి ఫొటో చూసి, తల చూసి, బొటనవేలు ఎత్తి చూపించింది.

ఇక ప్రతి షెడ్యూలుకూ అదే తంతు. చేతికి తొడుగులు వేసుకుని చూశాను. ముడి తగలదు, ముందు అంచున గుప్పెడు వెంట్రుకలు ఊడొచ్చాయి, మళ్లీ కట్టడానికి రెండు రోజులు పట్టింది. మా ఆయన జాలిపడి ఒకసారి తను ఉతుకుతానన్నారు. బనీను ఉతికినట్టు రుద్దబోతే లాక్కున్నాను. సుద్దపొడి, వంటసోడా, ఏవేవో కలిపి మెత్తటి నీళ్లలోనే ఆ గరుకు తెద్దామని చూశాను. జుట్టు మీద దుమ్ము పడ్డట్టు కనపడిందే తప్ప లోపలి నుంచి ఎండినట్టు రాలేదు. ఆ పని మా బోరుకే చేతనవును.

నేను పిడి తిప్పిన రోజుల్లో వెనక బాత్రూముకు కూడా బోరు నీళ్లే వచ్చేవి. మిగతా రోజుల్లో ఇంటిల్లిపాదీ మెత్తటి నీళ్లలో హాయిగా ఉండేవారు. మా ఆయన జుట్టు కూడా కాస్త నిలబడిందని ఆయన వాదన. పగుళ్లు మాత్రం నాకు తిరిగొచ్చాయి. మూసుకోవడం, ఉతకడం, తెరుచుకోవడం. సినిమా కూడా సాగుతూనే ఉంది. ఒకసారి హీరో డేట్లు కుదరలేదు, ఒకసారి సెట్టు నచ్చక మళ్లీ వేశారు. ఆఖరి రోజు షూటింగులో గుమ్మడికాయ కొడతారని మా అత్తగారికి నేనే చెప్పాను. దిష్టి, గుమ్మడికాయ లాంటి మాటలు నోట పలకని మనిషి, సాయంత్రం నా వేళ్లకు కొబ్బరినూనె రాస్తూ, "గుమ్మడికాయ ఎప్పుడు కొడతారే?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆఖరికి కొట్టారు. ఆ విగ్గు పెట్టెలో పెట్టి ఆఫీసులో ఇచ్చేసి వచ్చాను. ఇంటికి రాగానే మిషనులో కొత్త ఉప్పు నింపాను. మూడు వారాల్లో వేళ్లు మళ్లీ నావయ్యాయి. ఎర్ర పిడి మీద బూజు కూడా పట్టింది, కావాలనే తుడవలేదు.

అప్పుడు ఒక ఉదయం డైరెక్టరు ఫోను చేశారు. కొత్త సినిమా అట. బందిపోట్ల ముఠా కథ. "ఈసారి ఒక్కరికి కాదమ్మా, పన్నెండు మందికి. అందరికీ అదే జుట్టు కావాలి. చాలామంది చేస్తామన్నారు, వాళ్ల వల్ల కాదు, ఆ పద్ధతి మీకే తెలుసు అన్నాను" అన్నారు. విన్నంతసేపు గుండె ఒకవైపు పొంగుతూనే ఉంది, ఇంకోవైపు చేతివేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. సాయంత్రానికి ఏదైనా పాత విగ్గు మీద నమూనా చేసి చూపించమన్నారు. చేస్తానండీ అన్నాను.

మా అత్తగారు సోఫాలో ఉన్నారు. అంతా విన్నారు.

"నిజం చెప్పెయ్యమ్మాయ్. అది నీ చేతి పని కాదు, నీళ్ల పనని చెప్పు. దేవుడి దగ్గర లేని దాపరికం వాళ్ల దగ్గరెందుకు?"

"చెబితే ఒక ట్యాంకరు బోరు నీళ్లు తెప్పించుకుంటారు అత్తయ్యా. నన్నెందుకు పిలుస్తారు?"

ఆవిడ నా చెయ్యి తీసుకుని తిరగేసి, మూసుకున్న వేలికొసలు ఒక్కొక్కటే తన బొటనవేలితో తడిమి చూశారు. తర్వాత లేచి, తువ్వాలు భుజాన వేసుకున్నారు.

"అయితే ఆగు. నా స్నానం అయ్యాక తిప్పుకో."

ఆవిడ బయటికి వచ్చేదాకా వంటింట్లో నిలబడ్డాను. వచ్చాక వెళ్లి, పిడి మీద బూజు తుడిచి, తిప్పాను.